యాడ్‌లో నాన్నకి పొయ్యి వెలిగించడం రాదు

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది శ్రీకాకుళం. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు బాగుచేసే షాపు నాది. మా ఆవిడ స్టాఫ్ నర్సు. వారం మార్నింగ్, వారం ఈవినింగ్, వారం నైట్ డ్యూటీలు. అందుకని పాప పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో పొద్దుటి పనంతా నాదే. పాప ఇప్పుడు నాలుగో తరగతి, బాబు యూకేజీ. లేపడం, స్నానాలు, టిఫిను, బాక్సులు, పాప జడలు అన్నీ నేనే. చోడి అట్లు, ఉప్మా, పప్పుచారు దగ్గర్నుంచి చేపల పులుసు దాకా వచ్చు. గొప్ప కోసం చెప్పడం లేదు, సంగతి అర్థం కావాలని చెప్తున్నాను.

పోయిన నెల స్కూల్లో యాన్యువల్ డే అయింది. పాప వాళ్ల బ్యాచ్ టీవీ యాడ్‌లని స్కిట్‌గా వేశారు. అందులో ఒక మసాలా యాడ్ ఉంది. అమ్మ ఊరెళ్తుంది. నాన్న వంటింట్లో దూరతాడు. పంచదార బదులు ఉప్పు వేస్తాడు, కుక్కర్ కూతకి ఎగిరి గెంతుతాడు, కూర మాడ్చేస్తాడు. పిల్లలు తల కొట్టుకుంటారు. అమ్మ తిరిగొచ్చి ప్యాకెట్ చింపగానే అంతా సర్దుకుంటుంది. అమ్మ వేషం మా పాపది. నాన్న వేషం వేసిన అబ్బాయి కట్టుకున్న లుంగీ నాదే. నాకు చెప్పకుండా పట్టుకెళ్లింది. హాలంతా పడీపడీ నవ్వారు. వెనక వరసలోంచి మా బావమరిది "ఏటి బావా, మీ ఇంటి కతేనా?" అని కేకేశాడు. మా ఆవిడ కూడా నవ్వింది.

ఇంటికొచ్చాక పాపని అడిగితే "యాడ్‌లో నాన్నలు అలాగే ఉంటారు కదా నాన్నా, నువ్వు వేరు" అంది. రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. "పిల్లల జోకుకి ఇంత టెన్షన్ ఎందుకు" అంటోంది మా ఆవిడ. నాది పిచ్చి బాధేనా? టీవీ కనెక్షన్ తీయించేయాలా? పాపకి ఏమని చెప్పాలి? ఆ లుంగీ ఇంకా ఆ అబ్బాయి దగ్గరే ఉంది, అడగడానికి కూడా మనసు రావడం లేదు.

ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు:

తమ్ముడూ,

లుంగీ దగ్గర నేనూ నవ్వాను, ఏమీ అనుకోకండి. తర్వాత పాప మాట దగ్గర ఆగిపోయాను. "యాడ్‌లో నాన్నలు అలాగే ఉంటారు, నువ్వు వేరు." మిమ్మల్ని ఊరడిద్దామనే అని ఉంటుంది పిచ్చిపిల్ల. కానీ చూడండి, ఆ తొమ్మిదేళ్ల బుర్రలో 'నాన్న' అనే మాటకి టీవీ ముందే ఒక బొమ్మ గీసి పెట్టేసింది. రోజూ తన తల దువ్వి జడ వేసే మనిషి ఆ బొమ్మలో ఇమడలేదు. అందుకని ఆయన 'వేరు' అయ్యాడు. నలుగురిలో నవ్వులపాలయ్యానని మీ బాధ అనుకున్నాను మొదట. మీ ఉత్తరం రెండోసారి చదివితే, తొమ్మిదేళ్ల చాకిరీ లెక్కలోకి రాలేదని మీ బాధ అనిపించింది. అది పిచ్చి బాధ కాదు.

ఇందులో నా పాపం కూడా కొంత ఉంది, ముందే చెప్పేస్తాను. ఇక్కడ విజయనగరంలో ఉంటూ, రైల్లో వెళ్లొస్తూ విశాఖపట్నంలో ఒక రికార్డింగ్ స్టూడియోలో కొన్నేళ్లు పనిచేశాను. ముంబైలో హిందీలో తీసిన యాడ్‌లకి తెలుగు మాటలు రాయడం నా ఉద్యోగం. తెర మీద మనిషి పెదవులు ఎప్పుడు మూసుకుంటున్నాయో చూసి, సరిగ్గా అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడేలా రాయాలి. హిందీ పిల్ల 'పాపా' అంటుంది. పెదవులు రెండుసార్లు కలుస్తాయి. మనం 'నాన్నా' అంటే ఒక్కసారీ కలవవు. దగ్గర్నుంచి తీసిన షాటులో ఆ తేడా పంటికింద రాయిలా తగులుతుంది. ఒకసారి నేను తెలివిగా 'బాబూ' అని రాశాను. మన వైపు పాతవాళ్లు తండ్రిని పిలిచేది అలాగే కదా. మా అమ్మ తన తండ్రిని ఆఖరిదాకా 'బాబు' అనే అంది. ఆ మాట పెదవులకి అతికినట్టు సరిపోయింది, సౌండ్ ఇంజనీరు కూడా భలే కుదిరిందన్నాడు. రెండు రోజులకి ముంబై నుంచి ఫోను. "బాబు అంటే కొడుకు అనుకుంటారు, పల్లెటూరి మాటలా కూడా ఉంది, మార్చండి." చివరికి 'డాడీ' అయింది. ఈసారి పెదవులు కలవకపోయినా ఫరవాలేదట!

అలా యాడ్‌లోకి మన నాన్న ఎప్పుడూ రాలేదు. ఆ పాలరాతి వంటిల్లు, ఆ అద్దాల కిటికీ, చేతిలో కాఫీ మగ్గు, అవన్నీ ఎక్కడివో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ముంబై నుంచి యాడ్ బొమ్మతో పాటు ఒక కాగితం కూడా వచ్చేది. ఈ యాడ్ ఎవరు చూడాలి, ఎవరు కొనాలి అని అందులో ఉండేది. మసాలా కానివ్వండి, బట్టల సబ్బు కానివ్వండి, పిల్లల పాలలో కలిపే పొడి కానివ్వండి, ఆ గడిలో 'తల్లులు' అనే ఉండేది. వాళ్ల వయసు, ఆదాయం, పిల్లల చదువు గురించి వాళ్ల బెంగ, అన్నీ రాసేవాళ్లు. తండ్రి గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. తెర మీదకి వచ్చే మనిషే గానీ చూసే మనిషి కాదన్నమాట.

ఇక అతన్ని చేతకానివాడిని ఎందుకు చేస్తారంటే, అందులో పగ ఏమీ లేదు, బద్ధకమే ఉంది. యాడ్‌కి ఉండేది 30 సెకన్లు, ఒక్కోసారి 20. మొదటి ఎనిమిది, పది సెకన్లలో ఇంట్లో ఏదో ఒక ఇబ్బంది రావాలి. అది వస్తేనే కదా ప్యాకెట్ వచ్చి తీర్చేది. మరి ఆ ఇబ్బంది ఎవరి వల్ల రావాలి? అమ్మ వల్ల అంటే కొనేది ఆవిడే, మొహం ముడుచుకుంటుంది. పిల్లల్ని తెలివితక్కువగా చూపిస్తే అమ్మకి ఇంకా కోపం. అత్తగారిని పెడితే ఇంట్లో గొడవలు. పనిమనిషిని పెడితే చూడ్డానికి బాగోదు. చివరికి దొరికేది నాన్న. అతన్ని ఎంత వెక్కిరించినా ఉత్తరం రాసేవాడు ఉండడు. మీరు రాశారు. నా ఎరుకలో మీదే మొదటిది.

అలాగని అన్ని యాడ్‌లలోనూ వెక్కిరిస్తారా అంటే లేదు. వంటింట్లో చేతకాని ఆ మనిషే బ్యాంకు లోను, ఇన్సూరెన్సు, కారు యాడ్‌లోకి వెళ్తే దేవుడు. సంతకం పెడతాడు, తాళంచెవి చేతిలో పెడతాడు. నగల యాడ్‌లో కూతురి పెళ్లి జరుగుతుంటే కాస్త ఎడంగా నిలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఇన్సూరెన్సులో అయితే పాపం అతను లేకపోవడమే కథ. మన దేశంలో టీవీలో యాడ్‌లు మొదలైంది 1976 జనవరి 1న, దూరదర్శన్‌లో. ఆ తర్వాత టీవీకి రంగులొచ్చాయి, చానళ్లు వందలయ్యాయి. 'జేబు నాన్నది, గరిటె అమ్మది' అనే పంపకం మాత్రం పెద్దగా కదల్లేదు.

కదిలించబోయినవాళ్లు లేరని కాదు. 1992లో రేమండ్ వాళ్లు 'ద కంప్లీట్ మ్యాన్' అని మొదలుపెట్టిన వరసలో మగవాళ్లు మెత్తగా ఉండేవాళ్లు, ఒక దాంట్లో కుక్కపిల్లలతో ఆడుకుంటాడు. ముచ్చటగానే ఉండేది. అయితే ఆ సూటు వేసుకుని అంట్లు తోమేదెవరు? 2013లో తనిష్క్ నగల యాడ్ ఒకటి వచ్చింది. పెళ్లికూతురికి అది రెండో పెళ్లి, చిన్న కూతురు ఉంది. ఇద్దరూ అగ్ని చుట్టూ తిరుగుతుంటే తనూ తిరుగుతానని ఆ పిల్ల మారాం చేస్తుంది. పెళ్లికొడుకు దాన్ని ఎత్తుకుని తిరుగుతాడు. ఇవాళ్టి నుంచి డాడీ అని పిలవనా అని అడుగుతుంది ఆ పిల్ల. అది నాకు ఇప్పటికీ ఇష్టం. అందులో తండ్రి చెక్కు రాయడు, కూర మాడ్చడు. ఎత్తుకుంటాడు, అంతే.

ఏరియల్ వాళ్లు 2015లో 'షేర్ ద లోడ్' అని మొదలుపెట్టారు, బట్టలుతకడం ఆడవాళ్ల పనేనా అంటూ. మరుసటి ఏడు ఒక తండ్రి కథ తీశారు. పెద్దాయన కూతురింటికి వస్తాడు. ఆమె ఆఫీసు నుంచి వచ్చి ఒక చేత్తో ఫోను మాట్లాడుతూ, ఇంకో చేత్తో ఇంటిపని, పిల్లాడి పని సవరిస్తుంటే చూస్తాడు. వెళ్లేటప్పుడు ఉత్తరం రాసిపెడతాడు. చిన్నప్పుడు నువ్వు వంటాట ఆడుకుంటుంటే ఇది నీ ఒక్కదాని పని కాదని నేను చెప్పలేదు, ఎలా చెప్తాను, మీ అమ్మకి నేనెప్పుడూ సాయం చేయలేదు కదా అని. ఇంటికెళ్లి తన బట్టలు తనే మిషన్లో వేస్తాడు. చాలామంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆ ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న అల్లుడికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. మారే నాన్న రిటైరైన నాన్నే. పసిపిల్లలున్న నాన్నకి, అంటే మీ వయసువాడికి, మారాల్సిన పనే లేదు. అప్పటికే మారి ఉన్నవాడు తెర మీదే లేడు.

మీలా చిన్నబుచ్చుకున్న తండ్రులు వేరే చోట్లా ఉన్నారు. అమెరికాలో 2012లో హగ్గీస్ డైపర్ల వాళ్లు తమ సరుకు ఎంత గట్టిదో చూపించాలని, దాన్ని పరీక్షించడానికి నాన్నల చేతికిచ్చాం చూడండి అన్నట్టు యాడ్ తీశారు. అక్కడి తండ్రులకి మండింది. ఒకాయన ఇంటర్నెట్‌లో సంతకాలు సేకరించాడు, కంపెనీ ఆ యాడ్‌లు మార్చుకుంది. బ్రిటన్‌లో అయితే 2019 జూన్‌లో ఏకంగా రూలే వచ్చింది. ఆడవాళ్లనో మగవాళ్లనో ఇలాగే ఉంటారని చూపించి హాని చేసే యాడ్ వేయకూడదని. ఆగస్టులో మొదటి దెబ్బ తిన్న రెండు యాడ్‌లలో ఒకటి ఫిలడెల్ఫియా చీజ్‌ది. హోటల్లో తిండి పళ్లేలు తిరిగే బెల్టు మీద ఇద్దరు తండ్రులు తమ పసిబిడ్డల్ని పెట్టి మర్చిపోతారు. చివర్లో "అమ్మకి చెప్పొద్దు" అంటాడు ఒకడు. దాని మీద 128 ఫిర్యాదులు వచ్చాయి. తమాషా ఏమిటంటే, పిల్లల్ని ఎప్పుడూ తల్లులే చూసుకుంటున్నట్టు చూపించడం పాత పద్ధతని తండ్రుల్ని పెట్టామని కంపెనీ చెప్పుకుంది! తండ్రి చేతికి బిడ్డనిచ్చారు సరే, బుర్ర ఇవ్వడం మర్చిపోయారు.

మన దగ్గర ముంబైలో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అని ఉంది, 1985 నుంచి. ప్రభుత్వ ఆఫీసు కాదు, యాడ్‌ల రంగం వాళ్లే పెట్టుకున్నది. 2022 జూన్‌లో వాళ్లూ మార్గదర్శకాలు పెట్టారు. ఆడమనిషి ఇల్లు ఊడుస్తున్నట్టు, మగమనిషి ఆఫీసుకెళ్తున్నట్టు చూపించొచ్చు గానీ, ఆ పని వాళ్లదే, వేరేవాళ్లు చేయనే చేయరు అన్నట్టు చెప్పకూడదు. అలా ఉండనివాళ్లని ఎగతాళి చేయకూడదు. మామూలు మనిషి కూడా ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఏ యాడ్, ఏ చానల్, ఎప్పుడు వచ్చిందన్నది రాసుకుని పెట్టుకోండి. మీ మసాలా యాడ్‌ని ఆపించగలరా అంటే, నాకు పెద్ద ఆశ లేదు. ఒక యాడ్‌లో ఒక తండ్రి కూర మాడ్చడం తప్పేమీ కాదు. మాడ్చే తండ్రులు ఉన్నారు, మాడ్చే తల్లులూ ఉన్నారు. చెయ్యి తిరిగిన నాన్న యాడ్‌లలో ఎక్కడో తప్ప కనిపించకపోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా. లేనిదాని మీద ఫిర్యాదు రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

టీవీ ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా, కనుబొమ్మల మీద కూడా గోగునార పీచు ఉండేది. నాట్ల రోజుల్లో అమ్మ చీకటితోనే పొలానికి వెళ్లిపోయేది. నా జడ నాన్నే వేసేవాడు. కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని, మూడు పాయలు తీసి తాడు పేనినట్టు బిగించి లాగేవాడు. వేళ్ల గరుకుకి వెంట్రుకలు తగులుకునేవి. కళ్లు పైకి లాగేసినట్టు ఉండేది గానీ సాయంత్రం దాకా ఒక్క పోగు ఊడేది కాదు. బళ్లో పంతులమ్మ ఒకరోజు నా జడ పట్టుకుని చూసి "ఎవరే ఇంత గట్టిగా వేసినారు?" అంది. నేను తడుముకోకుండా "అమ్మ" అన్నాను. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు, మా వీధిలోనే లేదు. ఆ అబద్ధం నాకు ఏ యాడ్ నేర్పలేదు.

మీ పాప అలాంటి అబద్ధం ఆడలేదు, గమనించారా? "నువ్వు వేరు" అని మొహం మీద చెప్పింది. నాకన్నా నయం.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆవిడ నవ్విందని మీకు గుచ్చుకుంది. లుంగీ చూసి నవ్వి ఉంటుంది, మీ ఇంటి లుంగీ స్టేజి ఎక్కితే ఎవరికైనా నవ్వొస్తుంది. అయితే ఒక మాట ఆవిడతో తీరిగ్గా అనండి. ఆ యాడ్‌లో మీకు జరిగిన అవమానం కన్నా ఆవిడకి జరిగింది పెద్దది. నైట్ డ్యూటీ చేసి ఎనిమిదింటికి కళ్లు మండుతూ వచ్చే మనిషితో, నువ్వు లేకపోతే ఇల్లు మాడిపోతుంది, రా, వచ్చి ప్యాకెట్ చింపు అంటోంది అది. పొగుడుతున్నట్టు ఉంటుంది గానీ తీరా చూస్తే పని అంటగట్టడం. చట్టాలు కూడా చాలావరకు అలాగే ఆలోచిస్తాయి. 2017లో చట్టం సవరించాక కాన్పుకి తల్లికి 26 వారాల సెలవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. తల్లికి ఎక్కువ కావాలి, కాదనను. పదిహేను రోజుల్లో నాన్నకి పిల్ల ఏడుపు కూడా సరిగా అర్థం కాదు. షాపు మూసుకుంటే ఆ రోజు సంపాదన పోయే మీలాంటివాళ్లకి అదీ లేదనుకోండి.

మిమ్మల్నీ ఒకటి అడగాలి, కోపం తెచ్చుకోకండి. "గొప్ప కోసం చెప్పడం లేదు" అని రాసి, చోడి అట్ల నుంచి చేపల పులుసు దాకా జాబితా ఇచ్చారు. మీ ఆవిడ ఉత్తరం రాస్తే అందులో ఈ జాబితా ఉండేదా? ఇన్నేళ్లూ సాయంత్రం వంట, వారానికోసారి దుప్పట్లు ఉతకడం, పిల్లల జ్వరాలు ఆవిడ చూసే ఉంటారు, ఎవరూ చప్పట్లు కొట్టి ఉండరు. ఈ మధ్య యాడ్‌లలో రెండో రకం నాన్న ఒకడు బయల్దేరాడు. ఒక్క కప్పు టీ పెడతాడు, వెనకాల వయొలిన్లు మోగుతాయి, భార్య కళ్లు చెమరుస్తాయి. చేతకాని నాన్న కన్నా వీడు ప్రమాదం అంటాను. మీరు వయొలిన్ల కోసం ఎదురుచూస్తున్నారని అనను. కొంచెం ఉండొచ్చు. ఉంటే తప్పు కూడా కాదు, పని చేసిన మనిషికి ఒక మాట కావాలనిపిస్తుంది. ఆ మాట ఇద్దరి మధ్యా అటూ ఇటూ నడవాలి.

టీవీ తీయించకండి. తీయించినా ఫోన్లో అవే యాడ్‌లు. దాని బదులు ఒక వారం పాటు రాత్రి అన్నాల దగ్గర యాడ్‌లు రాగానే సౌండ్ మ్యూట్ చేయండి. బొమ్మ మాత్రం చూస్తూ పాపని అడగండి. పొయ్యి దగ్గర ఎవరున్నారు? డబ్బు ఎవరిస్తున్నారు? ఎవరు కూర్చున్నారు? నోటుపుస్తకంలో గీతలు పెట్టమనండి. పిల్లలకి లెక్కలు కట్టడం సరదా. మాటలు రాసి పొట్టపోసుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను, సౌండ్ తీసేస్తే యాడ్ సగం చచ్చిపోతుంది, లోపలి అస్థిపంజరం కనిపిస్తుంది. మీరు ఉపన్యాసం ఇవ్వకండి. పాప వారం తర్వాత తనే ఏదో అంటుంది. ఏమంటుందో నాకు రాయండి.

తర్వాత ఆ యాడ్‌ని తిరగ రాయమనండి. అదే 30 సెకన్లు, అదే మసాలా, నాన్నకి వంట వచ్చు. మరి నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? అది కష్టమైన ప్రశ్న, ముంబైలో జీతాలు తీసుకునేవాళ్లే దాన్ని తప్పించుకుంటారు. మీ పాప తప్పించుకోదేమో. బాబుని కూడా పక్కన కూర్చోబెట్టండి. మీ ఉత్తరమంతా పాప గురించే రాశారు, యూకేజీ పిల్లాడిని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నాకు వాడి గురించే ఎక్కువ ఆలోచన. నాలుగేళ్లు పోతే స్టేజి మీద లుంగీ కట్టేది వాడు. వెల్లుల్లి రెబ్బలు వలిచే పని ఇవాళే వాడికి అప్పగించండి. చోడి పిండి కలిపించండి, ఇల్లంతా పోస్తాడు, పోయనివ్వండి.

మీ బావమరిదికి జవాబు చెప్పలేదని ఉడుక్కుంటున్నట్టున్నారు. మనవాళ్ల వెటకారానికి వెటకారమే మందు. ఈసారి అలా అంటే "అవును బావా, మా ఇంటి కతే, ఉప్పు మాత్రం సరిగ్గా సరిపోద్ది, ఆదివారం రా" అనండి. చేపల పులుసు పెట్టండి. తిని చెయ్యి కడుక్కున్నాక గిన్నెలు ఎక్కడ పెట్టాలో చూపించండి.

పాపతో మాట్లాడేటప్పుడు ఇంకొక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ స్కిట్ చూసిన హాల్లో అందరి నాన్నలూ వచ్చి ఉండరు. మన తీరంలో బుడగట్లపాలెం, భావనపాడు వైపు ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా బోట్ల మీద పనికి వెళ్లే నాన్నలున్నారు, నెలల తరబడి ఫోన్లో మొహం తప్ప పిల్లలకి కనపడరు. 2018 నవంబరులో అలా వెళ్లి పాకిస్తాన్ వాళ్లకి చిక్కిన మనవాళ్లు తిరిగి ఇల్లు చేరేసరికి 2020 జనవరి అయింది. యాడ్‌లో నాన్న మాత్రం రోజూ సాయంత్రం ఆరింటికి చాక్లెట్ పట్టుకుని బెల్ కొడతాడు. ఆ బెల్ వినే పిల్లలకి ఏమనిపిస్తుందో పాపనే అడగండి. 'నాన్న వేరు' అంటే ఎన్ని రకాలుగా వేరో దానికే తెలుస్తుంది.

లుంగీ సంగతి. ఇంకొకళ్లతో కబురు పెట్టకండి, మీరే వెళ్లండి, పాపని తీసుకుని. ఆ అబ్బాయి భలే చేశాడని రాశారు కాబట్టి ఆ మాట వాడితోనే చెప్పండి. రాయలేదా? చెయ్యకపోతే అంతమంది ఎందుకు నవ్వుతారు? వాళ్ల నాన్న ఇంట్లో ఉంటే కాసేపు కూర్చోండి. ఆయనకి ఏం వంట వచ్చో అడగండి.